కొండ ఊళ్ళో బ్లౌజుల లెక్క

అక్టోబర్ 7, మంగళవారం. సాయంత్రం

డైరీ కొనలేదు. షాపులోని కొలతల పుస్తకమే తెచ్చాను. ముందు పేజీల్లో ఛాతీ, నడుము, చేతి పొడవు. వెనక పేజీల్లో ఈ ప్రయాణం.

విమానం దిగాం. ఇది కింది ఊరు. కొండమీది ఊరికి రేపు పొద్దున బస్సు.

అక్క ముప్ఫై నాలుగేళ్ళు బ్యాంకులో క్యాషియర్‌గా చేసి మేలో రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. చేతికొచ్చిన డబ్బులో మొదటి ఖర్చు ఇదేనంది. ఇద్దరం కలిసి మంచు చూడాలి. నా టికెట్ కూడా తనే కొంది. మా ఆయనని అడిగితే, మీ అక్క పక్కనుంటే నీకేం, కళ్ళు మూసుకుని వెళ్ళిరా అన్నాడు. నేనూ అలాగే బయల్దేరాను.

ఎయిర్‌పోర్టులో డబ్బు మార్చాం. ఇరవై ఐదు వేల రూపాయలిస్తే వాళ్ళ డబ్బు రెండువేల ఐదొందలు ఇచ్చాడు. కౌంటర్‌లో అతను మెషిన్‌లో పెట్టి లెక్కించాడు. అక్క చేత్తో లెక్కపెట్టింది. అతని మెషిన్ కన్నా ముందే అయిపోయింది. పైగా మధ్యలో ఒక నోటు బయటికి లాగి, ఇది అతుకు వేసింది, మార్చమంది. అతను లైటుకి పెట్టి చూశాడు. నిజంగానే టేపు వేసి ఉంది. మారు మాట్లాడకుండా మార్చి ఇచ్చాడు. నాకు ఎంత గర్వంగా అనిపించిందో.

అయితే ఇక్కడి డబ్బుతో ఒక తిరకాసుంది. రెండేళ్ళ క్రితం వీళ్ళ ప్రభుత్వం డబ్బులోంచి మూడు సున్నాలు తీసేసిందట. పాత పదివేల నోటూ, కొత్త పది నోటూ ఒకటే. రెండూ చెల్లుతాయి. జనం మాత్రం నోటితో ఇంకా పాత లెక్కే చెబుతారు. పది అనాల్సిన చోట పదివేలంటారు. నా తల తిరిగిపోయింది.

అక్క పాత నోటు ఒకటి తీసి చూపించింది. "బొటనవేలితో మూడు సున్నాలు మూసెయ్. మిగిలిందే డబ్బు. దాన్ని పదితో గుణిస్తే మన రూపాయలు. ఇంతే."

ఇంతేనట. ఏడో తరగతిలో లెక్కల్లో నాకు సున్నా వచ్చింది. ఆ రోజు నుంచి ఇంట్లో నా పేరు సున్నా. అక్క ఇప్పటికీ అలాగే పిలుస్తుంది. గుణించడం నా వల్ల కాదు. నాకు తెలిసిన రేట్లు రెండే. లైనింగ్ బ్లౌజు నాలుగొందలు, చీరకి ఫాల్ కుడితే ఎనభై. అందుకని ఇలా రాసుకున్నాను. వాళ్ళ డబ్బు నలభై అంటే ఒక బ్లౌజు. ఎనిమిది అంటే ఒక ఫాల్. అక్క చూసి నవ్వింది. నవ్వితే నవ్వింది.

టీ నాలుగు. అంటే సగం ఫాల్. బాగానే ఉంది.


అక్టోబర్ 8, బుధవారం

బస్సులో ఎనిమిది గంటలు. మలుపు తిరిగినప్పుడల్లా కడుపులో ఉన్నది గొంతులోకి వచ్చింది. ఊరు చిన్నది. రాతి మెట్లు, రేకుల కప్పులు, మూడు వీధులు. ఆ పైన అంతా తెలుపు.

మేం దిగిన ఇంట్లో పై అంతస్తులో నాలుగు గదులు అద్దెకిస్తారు. యజమానురాలు నా వయసుదే ఉంటుంది. పొద్దస్తమానం ఏదో ఒకటి తుడుస్తూనే ఉంటుంది. ఆవిడని ఇంటావిడ అని రాస్తాను. మా ఇద్దరి ఇంగ్లీషూ సమానం కాబట్టి బాగా అర్థమైంది. గది రోజుకి నూట అరవై వేలు అంది.  బొటనవేలు అడ్డం పెట్టాను. నూట అరవై. నాలుగు బ్లౌజులు. అమ్మయ్య.

నాలుగు రాత్రులకి అక్క ముందే కట్టేసింది. ఆరొందల నలభై. నా లెక్కలో పదహారు బ్లౌజులు. ఇద్దరి లెక్కా కలిసింది. అక్క వీపు తట్టి, పాసయ్యావే సున్నా అంది.

ఈ రెండు రోజులు మెల్లగా నడవండి, నీళ్ళు బాగా తాగండి, ఇక్కడ గాలి పలచన అని ఇంటావిడ చెప్పింది. అక్క సరేనని తలూపి, పదినిమిషాల్లో పై వీధి దాకా మెట్లెక్కి వచ్చింది. తలనొప్పిగా ఉందని టాబ్లెట్ వేసుకుని పడుకుంది.


అక్టోబర్ 9, గురువారం. మధ్యాహ్నం

అక్కకి నిద్ర పట్టలేదట. అన్నం తినబుద్ధి కాలేదంది. మొహం కాస్త ఉబ్బింది. చలికి అనుకున్నాం.

బజారుకి వెళ్ళాం. ఒకతను కళ్ళద్దాలకి ఒక పక్క పుల్ల విరిగితే దారం కట్టుకున్నాడు. ఉన్ని టోపీలు అమ్ముతాడు. అక్క ఎర్రటోపీ ఒకటి పెట్టుకుని అద్దంలో చూసుకుంది. ధర అడిగితే అరవై వేలు అన్నాడు. నేను బొటనవేలు పెట్టుకున్నాను. అరవై. బ్లౌజున్నర. పర్లేదు.

అక్క పర్సు తీసి వంద నోట్లు ఆరు ఇచ్చింది. కొత్త వందలు.

అతను నోట్ల వంక చూశాడు. అక్క వంక చూశాడు. తర్వాత డబ్బాలో వేసేశాడు. టోపీని కాగితంలో చుట్టి, రెండు చేతులతో ఇచ్చాడు.

వీధి చివరికి వచ్చాక అడిగాను. అరవై వేలంటే అరవయ్యే కదక్కా అని. ఆగి నా వంక చూసింది. కోపమొస్తే అక్క గట్టిగా అరవదు. ఇంకా మెల్లగా మాట్లాడుతుంది.

"నేను ముప్ఫై నాలుగేళ్ళు చేసిన పని నువ్వు నాకు నేర్పుతావా? నీ బ్లౌజులు నువ్వు కుట్టుకో. లెక్కలు నాకొదిలెయ్."

వదిలేశాను.

గదికొచ్చాక ఈ పుస్తకంలో మళ్ళీ వేశాను. ఆరొందలంటే పదిహేను బ్లౌజులు. ఒక టోపీకి. అలా ఎందుకుంటుంది? ఎక్కడో తప్పాను. కొట్టేశాను.


అక్టోబర్ 9. సాయంత్రం

మళ్ళీ వేశాను. మళ్ళీ పదిహేనే వచ్చింది. మళ్ళీ కొట్టేశాను.


అక్టోబర్ 10, శుక్రవారం. ఉదయం ఏడు

అక్క మంచం మీద కూర్చుని డబ్బు లెక్కపెడుతోంది. నేను లేచేసరికే మొదలుపెట్టింది. ఎనిమిదొందల పది అంది. ఇంకోసారి లెక్కపెట్టి పదకొండొందల ఎనభై అంది. మూడోసారి ఆరొందల నలభై. నోట్లు ప్లాస్టిక్కువి, జారిపోతున్నాయని విసుక్కుంది.

వేలు నాలుకకి రాసుకుని లెక్కపెట్టింది. బ్యాంకులో ఎవరైనా అలా చేస్తే చేతి మీద కొట్టేదట. ఇప్పుడు తనే.

నేను లెక్కపెట్టనా అని అడగలేదు. అడగాల్సింది.


అక్టోబర్ 10. ఉదయం పది

చాలా తలవంపులైంది. ఇంటావిడ దుప్పట్లు మార్చడానికి వస్తే అక్క తలుపు వేసి, డబ్బు పోయింది, నువ్వే తీశావు అంది. ఇంగ్లీషులో, అంత మెల్లగానూ. ఇంటావిడకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలోని దుప్పటి మడత విప్పింది, దులిపింది, మళ్ళీ మడిచింది. ఏప్రన్ జేబులు రెండూ బయటికి లాగి చూపించింది. ఒక దాంట్లో బట్టల క్లిప్పులున్నాయి. దుప్పట్లు తీసుకుని వెళ్ళిపోయింది.

 అక్క ఎవరినీ అంత మాట అనే మనిషి కాదు. కౌంటర్‌లో ఎక్కువిచ్చిన కస్టమర్‌ని వీధి చివరిదాకా వెతుక్కుంటూ వెళ్ళి తిరిగిచ్చేది.

మెట్ల దగ్గర ఇంటావిడకి సారీ చెప్పాను. అదొక్కటే ఇంగ్లీషు మాట గుర్తొచ్చింది. ఆవిడ తలూపింది గానీ నా మొహం చూడలేదు.


అక్టోబర్ 10. మధ్యాహ్నం మూడు

ఏటీఎం కార్డు మింగేసింది.

డబ్బు తీద్దామని అక్కే బయల్దేరింది. నడుస్తుంటే రెండుసార్లు నా భుజం పట్టుకుంది. పిన్ కొట్టింది, తప్పన్నది. మళ్ళీ కొట్టింది. కాస్త ఆలోచించి కొట్టు అక్కా అన్నాను. మూడోసారి నంబరు పైకి చదువుతూ కొట్టింది. అది మా అమ్మ వాళ్ళింటి పాత ల్యాండ్‌లైన్ నంబరులో చివరి నాలుగంకెలు. ఆ ఫోను తీసేసి ఇరవయ్యేళ్ళయింది.

కార్డు లోపలే ఉండిపోయింది. పక్కనున్న బ్యాంకుకి షట్టర్ వేసి ఉంది. సోమవారం తెరుస్తారని బోర్డు.

అక్కకి కోపం రాలేదు. మెషిన్ మీద చెయ్యి వేసి, పాపం దానికీ వయసైపోయింది అంది. నవ్వాలా వద్దా తెలియలేదు. దారిలో వాంతి చేసుకుంది.

నా కార్డు ఉందిగానీ దేశం దాటితే పనిచేయదట. ఫోన్లో నొక్కి పంపే డబ్బు ఇక్కడ ఎవరికీ అందదు. మా ఆయనకి ఫోన్ చేశాను. సోమవారం బ్యాంకు తెరవగానే ఏదో ఒకటి చేస్తానన్నాడు. డబ్బు లెక్క తేడా వస్తోందని చెబితే, మీ అక్క లెక్క తప్పదు, నువ్వే సరిగ్గా వినుండవు అన్నాడు.

అంతే అయ్యుంటుంది.


అక్టోబర్ 11, శనివారం. ఉదయం ఆరు పది

అక్క స్వెటర్ గుండీలు పెట్టుకుంటోంది. పావుగంటగా. ఒకటి ఎక్కువొస్తోంది, విప్పుతోంది, మళ్ళీ పెడుతోంది. నేను పెడతానంటే చేతులు కిందికి వదిలేసి చిన్నపిల్లలా నిలబడింది. అన్నీ పెట్టాక పర్సులోంచి ఒక నోటు తీసింది. పాత పదివేలది. నా చేతిలో పెట్టింది.

"సున్నా, ఇది ఎన్ని బ్లౌజులే?"

వేళాకోళం కాదు. నిజంగానే అడిగింది.

నా లెక్క తప్పు కాదు. గురువారం నుంచీ తప్పు కాదు.


అక్టోబర్ 12, ఆదివారం. కింది ఊరు. ఆస్పత్రి వరండా

అక్క లోపల నిద్రపోతోంది. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. నిన్న రాయడం కుదరలేదు. ఇప్పుడు అన్నీ రాసేస్తాను, లేకపోతే కలిసిపోతాయి.

అక్కని మంచం మీద కూర్చోబెట్టి కిందికి పరుగెత్తాను. ఇంటావిడ పొయ్యి దగ్గరుంది. ఆవిడ మొహం చూసే ధైర్యం లేదు, అయినా చెయ్యి పట్టుకుని లాగాను. మాట రాలేదు. తల మీద చెయ్యి పెట్టి తిప్పి చూపించాను. ఆవిడ గరిటె పడేసి వచ్చింది. అక్కని నిలబెట్టి, నేల చెక్కల గీత మీద నడవమంది. నాలుగడుగులు. ఒక కాలు గీత మీద, రెండోది ఎక్కడో. ఇంటావిడ అక్క చంకలో చెయ్యి వేసి పట్టుకుంది. కొండ ఎత్తు తలకెక్కింది, కిందికి తీసుకుపోండి, ఇప్పుడే, రేపు కాదు అంది. ఇక్కడ డాక్టరు వారానికి రెండు రోజులే వస్తాడట. ఎవరొచ్చినా మందు అదేనట. దిగడం.

జీపు డ్రైవరుకి ఆవిడే ఫోన్ చేసింది. లావుపాటి మనిషి, నిద్ర మొహంతో వచ్చాడు. కిందికి ఎనిమిది లక్షలన్నాడు. ముందే కావాలి, దారిలో డీజిల్ పోయించాలి అన్నాడు. బొటనవేలు దానంతట అదే వెళ్ళింది. ఎనిమిది వందలు. ఇరవై బ్లౌజులు. టైరు మార్చుకుని అరగంటలో వస్తానని వెళ్ళాడు.

అక్క పర్సు, సంచీ, కోటు జేబులు అన్నీ దుప్పటి మీద బోర్లించాను. పాతవీ కొత్తవీ కలిసిపోయి ఉన్నాయి. చూస్తే కళ్ళు బైర్లు కమ్మాయి. షాపులో మిగిలిన గుడ్డ ముక్కలు సర్దినట్టు సర్దాను. ముందు రంగులు. తర్వాత రంగులో పాత, కొత్త. పాత వాటి మీద బొటనవేలు. నోటితో గట్టిగా చదువుతూ లెక్కపెట్టాను. అక్క పక్కన కూర్చుని నేను చదివిన ప్రతి అంకెకీ తలూపింది. ఐదొందల ముప్ఫై వచ్చింది. మళ్ళీ లెక్కపెట్టాను. ఐదొందల ముప్ఫై. ఇంకొకసారి అవసరం లేదనిపించింది.

రెండొందల డెబ్బై తక్కువ.

డబ్బు చాలిందా అని ఇంటావిడ అడిగింది. చాలిందన్నాను. ముందు రోజే దొంగ అనిపించుకున్న మనిషిని మర్నాడే అప్పెలా అడగను? ఎంత తెలివితక్కువ సిగ్గో ఇప్పుడు తెలుస్తోంది.  కాసేపు అక్కని చూడమని మాత్రం అడిగి, టోపీ పట్టుకుని బజారుకి పరుగెత్తాను. పరుగు కాదు. అక్కడ పరుగెత్తితే ఊపిరి అందదు. పది అడుగులు వేసి ఆగడం, మళ్ళీ పది.

టోపీల షాపు అప్పుడే తెరుస్తున్నాడు. నన్ను చూడగానే పోల్చుకున్నాడు. చూపు పక్కకి తిప్పుకున్నాడు. దాంతో నాకు ధైర్యం వచ్చింది.

టోపీ బల్ల మీద పెట్టాను. ఈ పుస్తకం తెరిచి 60 అని రాశాను. కింద 600 అని రాశాను. మొదటిదాన్ని చూపించి తలూపాను, రెండోదాన్ని చూపించి మా అక్కలా నోటు లాగి ఇచ్చినట్టు చెయ్యి చాపాను. అతను తల అడ్డంగా ఊపాడు. నా చేతిలోంచి పెన్ను తీసుకుని 600 చుట్టూ సున్నా చుట్టాడు. ధర అదే అన్నట్టు.

అక్కడొక స్టూలుంది. కూర్చున్నాను. నాకు వచ్చిన భాష ఒకటే. అందులోనే మాట్లాడాను.

"చూడు బాబూ. మా అక్కకి ఆ రోజే బాగాలేదు. నాకు తెలియలేదు. నీకు తెలిసింది. నోట్లు చూసి, మనిషిని చూసి, అప్పుడు డబ్బాలో వేశావు. నేను చూశాను. ఇప్పుడు ఆవిణ్ణి కొండ దింపాలి. నా డబ్బు నాకిచ్చెయ్. ఇచ్చేదాకా ఇక్కణ్ణుంచి లేవను."

ఒక్క ముక్క అర్థమై ఉండదు. అయినా విన్నాడు.  షాపులో అప్పు పెట్టి చీర పట్టుకుపోయే కస్టమర్లతో మాట్లాడే గొంతే వచ్చింది. అంతలో ఎవరో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి నిలబడ్డారు. పుస్తకంలో 60, 600 చూశారు. టోపీ చూశారు. వాళ్ళలో పెద్దావిడ అతన్ని ఏదో అడిగింది. చాలా మెల్లగా, అక్కలాగే.

అతను డబ్బా తెరిచాడు. వందలు నాలుగు తీసి బల్ల మీద పెట్టాడు. నేను చెయ్యి వెనక్కి తీయలేదు. డబ్బా తిప్పి చూపించాడు. చిల్లర తప్ప ఏం లేదు. ఇంకా నూట నలభై రావాలి. మూడున్నర బ్లౌజులు. మామూలు రోజైతే వదిలే దాన్ని కాదు. నాలుగొందలు తీసుకుని బయల్దేరాను.

సగం వీధి వచ్చేసరికి వెనక అడుగులు. డబ్బు లాక్కోడానికే వస్తున్నాడనుకుని కొంగులో బిగించి పట్టుకున్నాను. అతను రొప్పుతూ వచ్చి టోపీ నా చేతిలో పెట్టాడు. మర్చిపోయి వచ్చేశాను. ఏదో అన్నాడు. తిట్టాడో, జాగ్రత్త చెప్పాడో తెలియదు. దారం కట్టిన పక్క కళ్ళద్దం జారిపోతుంటే పట్టుకుని నిలబడ్డాడు. మంచివాడో చెడ్డవాడో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

నేను వచ్చేసరికి ఇంటావిడ అక్క కాళ్ళకి రెండు జతల సాక్సులు తొడిగి, జీపు వెనక సీట్లో పరుపు వేసి పెట్టింది. డ్రైవరుకి ఎనిమిదొందలు లెక్కపెట్టి ఇచ్చాను. అతను మళ్ళీ లెక్కపెట్టాడు. సరిపోయింది. జీవితంలో మొదటిసారి ఒకరు నా లెక్క సరిచూసి మారు మాట్లాడకుండా జేబులో పెట్టుకున్నారు. సంతోషం ఎక్కడా కనబడలేదు. నా లెక్క ఒప్పయినందుకే భయం.

ఇంటావిడ జీపెక్కేసింది. చెక్‌పోస్టు దాకా అక్క తల ఒళ్ళో పెట్టుకు కూర్చుంది. ముందు రోజు ఎవరు ఎవర్ని ఏమన్నారో ఆ జీపులో లేదు. దిగేటప్పుడు నా చేతిలో రెండు నోట్లు కుక్కింది. వద్దన్నా వినలేదు. నేను అబద్ధం ఆడానని ఆవిడకి ముందే తెలుసు.

మూడు గంటలు దిగాక అక్క కళ్ళు తెరిచి, టికెట్ తీసుకున్నావా అని అడిగింది. ఆస్పత్రికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. డాక్టరమ్మ సూది వేసి, ఆక్సిజన్ పెట్టింది. ఎత్తు పడక మెదడులో నీరు చేరిందట. ఇంకొక రాత్రి అక్కడే ఉండి ఉంటే ఏమయ్యేదో చెప్పలేనంది. తిరిగి మామూలవుతుందా అంటే, అవుతుంది, టైం ఇవ్వండి అంది.

ఇన్సూరెన్స్ కాగితం అక్క సంచీలో ప్లాస్టిక్ కవర్లో దొరికింది. బయల్దేరే ముందు రెండు కాపీలు తీయించి పెట్టింది. ఆస్పత్రి వాళ్ళు దాంతోనే సరిపెట్టుకున్నారు.


అక్టోబర్ 13, సోమవారం

అక్క పొద్దున లేచి, ఇది ఏ ఊరు అంది. చెప్పాను. గుండీ ఎవరు తప్పు పెట్టారంది. నర్సు అన్నాను. విప్పి తనే సరిగ్గా పెట్టుకుంది. నేను వరండాలోకి వెళ్ళి కాసేపు ఏడ్చి వచ్చాను.


అక్టోబర్ 14, మంగళవారం

అక్కకి బుధవారం దాకా బాగా గుర్తుంది. గురువారం ముక్కలుగా గుర్తుంది. శుక్రవారం అసలు లేదు. జరిగింది చెప్పమంది. కాస్త తగ్గించి చెబుతుంటే పట్టేసింది. ఉన్నదున్నట్టు చెప్పమంది. చెప్పాను.

కార్డు సంగతి విని ఊరుకుంది. ఇంటావిడ ఏప్రన్ జేబులు బయటికి లాగిందని చెప్పినప్పుడు మొహం గోడ వైపు తిప్పుకుంది. చాలాసేపటికి, ఆవిడ నంబరుందా అని అడిగింది. ఫోన్ కలిపి ఇచ్చాను. అక్క ఇంగ్లీషు బాగా మాట్లాడుతుంది, ఇవాళ మాత్రం సారీ తర్వాత ఇంకో మాట రాలేదు. అటువైపు నుంచి ఆవిడే చాలాసేపు మాట్లాడింది. అక్క వింటూ దుప్పటి అంచు మడతపెడుతూ కూర్చుంది.

సాయంత్రం నేను టీకి వెళ్ళి వచ్చేసరికి అక్క ఒళ్ళో ఈ పుస్తకం ఉంది. చదివేసింది. నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. గురువారం పేజీ మీద వేలు పెట్టి ఉంచింది. పదిహేను బ్లౌజులు. దాని మీద నేను గీసిన గీత. కింద మళ్ళీ పదిహేను. మళ్ళీ గీత.

"ఇది కరెక్టే కదే."

అవునన్నాను.

"మరెందుకు కొట్టేశావు?"

నువ్వు క్యాషియర్‌వి కదక్కా అన్నాను.  

 అక్క పక్కనున్న పెన్ను తీసుకుంది.  గీత కొట్టిన అంకె పక్కన జాగా చూసుకుని, బ్యాంకులో వోచర్లకి పెట్టేదే, చిన్న టిక్కు పెట్టింది. రెండో దానికీ పెట్టింది.

"ఇంకెప్పుడూ నా మాట విని నీ లెక్క కొట్టెయ్యకు. నేను చెప్పినా సరే."

తర్వాత, ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్క పైసా తేడా రాలేదే అంది. నాతో కాదు. ఎవరితోనో.

మా ఆయన ఫోన్ చేశాడు. సోమవారం డబ్బు పంపలేకపోయాడట, ఏదో ఫారం తప్పు నింపాడట. అక్క నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, మీరేం కంగారు పడకండి, డబ్బు సంగతి మీ ఆవిడ చూసుకుంటోంది అంది. 


అక్టోబర్ 15, బుధవారం

డిశ్చార్జ్. ఇంటావిడ నోట్లు రెండూ కవర్లో పెట్టి, జీపు డ్రైవరు కిందికి వస్తే అతనితో పంపాం. అక్క లోపల ఉత్తరం కూడా పెట్టింది. ఏం రాసిందో అడగలేదు.


అక్టోబర్ 16, గురువారం. ఎయిర్‌పోర్టు

ఇంకా గంటుంది. ఇద్దరం టీ తాగాం. ఒక బిస్కెట్ ప్యాకెట్ తీసుకుని చెరి సగం తిన్నాం. డబ్బులు అక్క ఇచ్చిందో, నేనిచ్చానో, ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. అక్కని అడిగాను. తనకీ గుర్తు లేదట.